ఒక్కపొద్దు ఉన్న డిస్కు

దెయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. ఎందుకు లేదంటే, మా ఆస్పత్రిలో ఉన్న దెయ్యాన్ని తయారు చేసింది నేనే.

ముందు ఆ సంగతి చెప్పేస్తాను. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఊళ్లలో ఆస్పత్రులున్న ఒక సంస్థలో నేను కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగిని. సంస్థ పేరు చెప్పను. పుంగనూరు ఆస్పత్రిలో సర్వరు పెట్టిన చిన్న గది ఒకటుంది. ఆ భవనంలో రోజంతా ఏసీ ఉండేది ఆ గదిలోనే. దాంతో అక్కడివాళ్లు టిఫిన్ క్యారియర్లు, పెరుగు గిన్నెలు తెచ్చి సర్వరు మీద పెట్టడం మొదలుపెట్టారు. ఒకసారి మల్లెపూల బుట్ట కూడా కనిపించింది. చెప్పి చూశాను. నోటీసు అంటించాను. నోటీసు మీద ఎవరో పాల లెక్క రాసుకున్నారు.

చివరికి ఒక కథ కట్టాను. ఆ గది ఒకప్పుడు ఆపరేషన్ థియేటరనీ, సోమల నుంచి వచ్చిన ఒక ముసలామె అక్కడ మత్తులోనే పోయిందనీ, మధ్యాహ్నం పూట ఆమె కడియాల చప్పుడు వినిపిస్తుందనీ చెప్పాను. చప్పుడు నిజంగానే వినిపించేది. సర్వరు ఫ్యాను అరిగిపోయి చేసే చప్పుడు అది. వారం తిరక్కుండా పెరుగు గిన్నెలు మాయమయ్యాయి. నెల తిరిగేసరికి ఆ ముసలమ్మను కళ్లారా చూసినవాళ్లు ఇద్దరు తేలారు. వాళ్లలో ఒకామె చీర రంగు కూడా చెప్పింది.

కాబట్టి దెయ్యం ఎలా పుడుతుందో నాకు బాగా తెలుసు. ఇప్పుడు చెప్పబోయేది అలాంటిది కాదు. దీంట్లో భయం కంటే సిగ్గు ఎక్కువ. ఇన్నాళ్లూ ఎవరికీ పూర్తిగా చెప్పకపోవడానికి కారణం అదే.

విషయం అర్థం కావాలంటే మా పని గురించి కొంచెం చెప్పాలి.

ఆస్పత్రిలో రోగి పేరు నమోదు, రక్తపరీక్షల ఫలితాలు, డాక్టరు రాసిన మందులు, అన్నీ ఉండేది సర్వరులోనే. అందులో ఒకే డిస్కు పెడితే, అది చెడిపోయిన రోజు అన్నీ పోతాయి. అందుకని రెండు డిస్కులను జత చేసి, ఒకదాని మీద రాసింది రెండోదాని మీద కూడా అచ్చం అలాగే రాసేలా కడతాం. ఈ ఏర్పాటును రెయిడ్ అంటారు. ఒకటి పోయినా రెండోది నిలబడుతుంది.

ఇదివరకు ఆ జత కట్టాలంటే ఆ ఊరికి పోయి, సర్వరు ముందు కూర్చుని, చేత్తో కట్టాల్సి వచ్చేది. తర్వాత పాలసీలు వచ్చాయి. పాలసీ అంటే మదనపల్లెలో కూర్చుని రాసే ఒక ఫైలు. అది ఏ సర్వర్లకు వర్తించాలి, ఎన్ని డిస్కులు జత కట్టాలి, వాటి మీద పాత డేటా ఉంటే వదిలేయాలా తుడిచేయాలా అన్నది అందులో ఉంటుంది. సర్వరు ఆగి మళ్లీ మొదలయ్యేటప్పుడు ఆ ఫైలు చదువుకుని తన డిస్కులను తానే కట్టుకుంటుంది. అక్కడ మనిషి ఉండక్కర్లేదు.

కుప్పం సర్వర్లను మునిరత్నం చూసుకునేవాడు. నాకంటే రెండేళ్లు చిన్నవాడు. గుడుపల్లె దగ్గర కాపురం. తెలుగులో మొదలుపెట్టిన మాటను తమిళంలో ముగించే రకం. పాలసీ రాయడం నాకు నేర్పింది అతనే. కానీ పాలసీని నమ్మనివాడు కూడా అతనే. దాన్ని నడిపే ముందు ప్రతిసారీ గదిలోకి పోయి, జతలోని ఒక డిస్కు మీట నొక్కి, పిడి తెరిచి, దాన్ని వేలెడంత బయటికి లాగి పెట్టేవాడు. అంత మాత్రానికే దానికీ సర్వరుకూ సంబంధం తెగిపోతుంది. పాలసీ తప్పుగా నడిచి అన్నిటినీ తుడిచేసినా ఆ ఒక్కదాని జోలికి పోవడం కుదరదు.

"ఒకటి ఒక్కపొద్దు ఉండనీప్పా," అనేవాడు. ఒక్కపొద్దు అంటే మా వైపు ఉపవాసం. "అందరూ ఒకే పంక్తిలో కూసోని తింటే, కూడు సెడిపోయిన పొద్దు అందరికీ వాంతులే. ఒకటి తినకుండా ఉండాదనుకో, అది బతుకుతాది."

"ఆటోమేటిక్ అని పేరు పెట్టి, మళ్లా నువ్వు పోయి సేత్తో లాగేది యాలప్పా?" అని నేను ఎగతాళి చేసేవాణ్ని.

"తప్పు ఆటోమేటిక్‌గా జరిగిపోతాది రెడ్డెప్పా. దిద్దేదానికి మాత్రం మనిషే పోవల్ల."

ఒక ఆదివారం ఇంట్లో అన్నం తింటూ పక్కకు ఒరిగిపోయాడు. ఆస్పత్రికి తెచ్చేలోపే అయిపోయింది. భార్య దేవకి, బడికి పోయే ఇద్దరు పిల్లలు. దేవకి డిగ్రీ చదివింది. కుప్పం ఆస్పత్రిలో పేర్లు నమోదు చేసే కౌంటరులో ఆమెకు ఉద్యోగం ఇస్తామని మా సంస్థ మాటిచ్చింది. ఆ ఇంటికి ఉన్న ఆధారం ఆ మాటే.

మునిరత్నం పోయిన ఇరవై ఆరో రోజు గురువారం. కుప్పానికి అంతకుముందే కొత్త సర్వరు వచ్చి ఉంది. దాని డిస్కులు కట్టడానికి పాలసీ సిద్ధం చేయాల్సింది నేను. కుప్పం కోసం మునిరత్నం రాసిన ఫైలు ఒకటి ఉంది. దాన్ని చదివి, నాలుగు మాటలు మారిస్తే సరిపోయేది. నాకు బద్ధకం. పుంగనూరు కోసం నేను రాసుకున్న ఫైలును తెచ్చి దాని మీద అతికించేసి, ఊరి పేరు మార్చాను.

పుంగనూరులో ఉన్నది ఒకటే సర్వరు. ఆ ఫైలు రాసినప్పుడు అదీ కొత్తది కాబట్టి డిస్కుల మీద ఉన్నదాన్ని తుడిచెయ్యమని రాశాను. కుప్పంలో కొత్తదాని పక్కనే పాతది కూడా ఉంది. రోగుల వివరాలన్నీ దాంట్లోనే ఉన్నాయి. మునిరత్నం ఫైలులో పాతదాన్ని వదిలెయ్యమని ఒక లైను ఉంది. నేను అతికించినప్పుడు ఆ లైను పోయింది. నేను చూడలేదు.

గురువారాలు కుప్పంలో డాక్టరమ్మ పన్నెండుకు గానీ రారు. అంతవరకూ పని పలచగా ఉంటుంది కాబట్టి పదకొండుంబావుకు పాలసీ నడవాలని టైము పెట్టి, కిందికి టీ తాగడానికి దిగాను.

మదనపల్లె క్యాంటీన్లో ల్యాబు వాళ్లు, ఫార్మసీ వాళ్లు ఆరేడుగురు ఉన్నారు. పదకొండు గంటల టీ. నేను కనిపిస్తే వాళ్లకు ఏదో ఒక కథ కావాలి. నాకూ చెప్పకపోతే టీ దిగదు.

"కుప్పంలో ఇప్పుడు సర్వర్లు ఎవురు సూస్తాండారన్నా?" అని ల్యాబు అమ్మాయి ఒకతె అడిగింది.

"ఇంకెవురు, మునిరత్నమే," అన్నాను.

అందరూ తిరిగి చూశారు. ఇక నోరు ఆగలేదు. మనిషి పోయాడు గానీ డ్యూటీ వదల్లేదన్నాను. రోజూ టైముకు వస్తాడనీ, లోపల్నుంచి దగ్గు వినిపిస్తుందనీ, తాళం తాళంగానే ఉంటుందనీ చెప్పాను. నేను ఏదైనా పాలసీ నడపబోతే చాలు, 'ఒక్కపొద్దు, ఒక్కపొద్దు' అని గొణుక్కుంటూ వచ్చి ఒక డిస్కు వేలెడంత బయటికి లాగి, అటెండెన్సులో సంతకం పెట్టి పోతాడన్నాను. "బతికున్నప్పుడైనా లీవు పెట్టేవోడు. ఇప్పుడు అదీ లేదు," అని ముగించాను. చూపుడు వేలు, బొటనవేలు కలిపి, డిస్కు లాగినట్టు చేసి చూపించాను కూడా. నవ్వుకు ఒకాయన టీ ఒలకబోసుకున్నాడు.

ఆ నవ్వులో ఉండగా జేబులో ఫోను మోగింది. తీసి చూశాను. కుప్పం సర్వరు నుంచి ఏదో మెయిలు. అవి రోజుకు పాతిక వస్తాయి. తెరవకుండా జేబులో పెట్టేశాను.

పదకొండున్నర కాకముందే కుప్పం కౌంటరు నుంచి రాజేశ్వరి ఫోను చేసింది.

"అన్నా, రెడ్డెప్పన్నా, స్క్రీను తెల్లగా ఉండాది. పాత పేరు ఒక్కటీ రావడంలా. జనం ఈడ నిలబడుకోనుండారు."

మేడెక్కి నా కంప్యూటరులో చూశాను. కుప్పం పాత సర్వరులో డిస్కుల జత అందంగా, కొత్తగా కట్టి ఉంది. దానిలో ఏమీ లేదు. పదకొండుంబావుకు పాలసీ పాతదాన్ని కూడా తుడిచేసి, మొదట్నుంచీ కట్టింది. చెప్పిన పని చెప్పినట్టు చేసింది.

ఇంకోటి కూడా చెప్పాలి. కుప్పం వివరాలు రోజూ పుంగనూరుకు కాపీ పోవాలి. అక్కడ చోటు నిండిపోయి రెండు నెలలుగా పోవడం లేదు. సరిగ్గా పోతోందని ప్రతి వారం రిపోర్టులో రాసింది నేనే.

మేనేజరు గంగాధరం సారు గదికి పిలిపించారు. "ఎవురు సేసినారిది?" అని అడిగారు.

ఆ మాటకూ నా జవాబుకూ మధ్య ఎక్కువసేపు పట్టలేదు. ఆలోచించాను అని చెప్పుకోవడానికి కూడా లేదు. కథ కట్టడం అలవాటైన నోరు అది.

"కుప్పం పాలసీ మునిరత్నం రాసిపెట్టి పోయింది సార్. నేను నడిపినానంతే," అన్నాను.

"ఆయప్ప భార్యకు ఈ పొద్దే లెటరు ఇయ్యమని సెప్పినానే. కీ, ఐడీ కార్డు తీసుకోని రమ్మన్నారు ఆ యమ్మను," అన్నారు సారు. తర్వాత ఫోను తీసి కుప్పానికి చేసి, ఆ లెటరు ఆపమన్నారు. "కుప్పాన్ని ముంచిన మనిషి ఇంటికే ఉద్యోగం ఇచ్చినామని రేపు నన్ను అడిగితే నేనేం సెప్పాల?" అన్నారు నాతో.

నోరు తెరవడానికి నాకు టైముంది. ఆయన ఫోను నంబరు వెతికేటప్పుడు ఉంది. అవతల రింగు పోతున్నప్పుడు ఉంది. తెరవలేదు.

ఆస్పత్రి జీపులో బయల్దేరాను. పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం. దారి పొడుగునా ఆలోచించింది డేటా గురించి కాదు. నేను చెప్పిన అబద్ధానికి ఎక్కడెక్కడ అతుకులు కనిపిస్తాయా అని. అంత నీచంగా ఉన్నాను ఆ రోజు.

మూడు గంటలకు చేరాను. సర్వరు గది ఉన్న వరండాలో బల్ల మీద దేవకి కూర్చుని ఉంది. ఒడిలో చేతిరుమాలు. అందులో మునిరత్నం దగ్గరున్న గది తాళంచెవి, అతని ఐడీ కార్డు. నన్ను చూసి లేచింది.

"అన్నా, లెటరు లేదంటాండారు. మా ఆయన ఏదో తప్పు సేసిపోయినాడంట. ఏం సేసినాడన్నా?"

"నేను సూస్తాలేమ్మా," అన్నాను. ఆమె ముఖం చూడకుండా నా దగ్గరున్న తాళంచెవితో గది తెరిచాను. తాళం సరిగ్గానే ఉంది.

లోపల పాత సర్వరుకు మూడు డిస్కులు. మొదటి రెండూ జత. మూడోది అవసరానికి ఉంచిన ఖాళీది.

రెండో డిస్కు పిడి తెరిచి ఉంది. డిస్కు వేలెడంత బయటికి వచ్చి ఉంది.

వేలితో తాకి చూశాను. ఆ తర్వాత చేతులు వాటి పని అవి చేశాయి. పాలసీని ఆపేశాను. మొదటి డిస్కునూ మూడోదాన్నీ బయటికి తీశాను. రెండోది కనబడకపోవడంతో పాలసీ తుడిచి జత కట్టింది ఆ రెంటినే. బయటికి వచ్చిన దాన్ని ఒక్కదాన్నే లోపలికి నెట్టి సర్వరును మొదలుపెట్టాను. అది లేచింది. కౌంటరు నుంచి రాజేశ్వరి కేక వినబడింది. "వచ్చేసినాయన్నా! అన్నీ వచ్చేసినాయి!"

అన్నీ కాదు. పదకొండు గంటల ఏడు నిమిషాల వరకు ఉన్నవి వచ్చాయి. ఆ తర్వాత పదకొండుంబావు లోపల నమోదైన ముగ్గురి పేర్లు లేవు. ఆ ముగ్గురివీ మళ్లీ రాసుకున్నారు.

అప్పుడు జేబులోంచి ఫోను తీసి, క్యాంటీన్లో తెరవని మెయిలు తెరిచాను. ఒకటే లైను. రెండో డిస్కు బయటికి తీయబడింది. టైము పదకొండూ ఏడు. సర్వరు తన చిట్టాలో తానే రాసుకున్న టైమూ అదే.

ఆ టైముకు నేను మదనపల్లెలో రెండు వేళ్లు కలిపి, డిస్కు లాగినట్టు చేసి చూపిస్తున్నాను.

గదికి తాళంచెవులు రెండే. ఒకటి నా గుత్తిలో ఉంది. ఇంకోటి దేవకి రుమాలులో. ఆమె గుడుపల్లె నుంచి బస్సు దిగి ఆస్పత్రి గేటు పుస్తకంలో సంతకం పెట్టింది పన్నెండూ ఇరవైకి. ఆ గది తలుపుకు ఎదురుగా వరండాలో కెమెరా ఉంది. ఆ పొద్దుటి రికార్డు నాలుగుసార్లు చూశాను. పదిన్నరకు తుడిచే ఆమె బకెట్టుతో ముందు నుంచి పోయింది. నేను మూడింటికి వచ్చేవరకూ ఆ తలుపును ఎవరూ ముట్టుకోలేదు.

ఇది చూస్తూ ఉండగా వెనక నుంచి దేవకి గొంతు వినిపించింది. గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

"అన్నా, పొద్దున మదనపల్లెలో మా ఆయన మీద ఏదో కథ సెప్పినారంట. అందరూ నవ్వినారంట. రాజేశ్వరికి ఆడ్నుంచి ఫోనొచ్చింది."

ఆమె కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవాణ్నేమో.

గంగాధరం సారుకు ఫోను చేశాను. ఆమెకూ వినబడేలా స్పీకరు పెట్టాను. డేటా దొరికిందని చెప్పాను. తర్వాత పాలసీ మునిరత్నం రాసింది కాదనీ, అతను రాసినదాన్ని నేనే పాడు చేశాననీ చెప్పాను. పుంగనూరు కాపీ సంగతి కూడా చెప్పాను.

అవతల నిట్టూర్పు వినిపించింది. "రెడ్డెప్పా, కథలు వద్దప్పా. ఆ యమ్మ ఎదురుగా ఏడుస్తాంటే జాలేసి నెత్తినేసుకుంటాండావు. నీ సంగతి నాకు తెలీదా?"

నా బతుకులో నిజం చెప్పి నమ్మించలేకపోవడం అదే మొదటిసారి. దేవకి రుమాలు అంచు వేలికి చుట్టుకుంటూ నిలబడి ఉంది. ఆమె ఉద్యోగం ఇప్పుడు నా మాట విలువ మీద ఆధారపడి ఉంది. నా మాటకు విలువ లేకుండా చేసుకున్నది నేనే.

పాలసీ ఫైలులో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చరిత్ర ఉంటుంది. దాన్ని తెరిచి ఫోటో తీసి సారుకు పంపాను. నేను అతికించిన రోజు, నా పేరు, దాని కింద పోయిన లైను. ఆ లైనును నేను మొదటిసారి చదివింది అప్పుడే. పాత సర్వరును ముట్టుకోవద్దని రాసి, పక్కన ఇంగ్లీషు అక్షరాల్లో మునిరత్నం ఒక మాట రాసుకున్నాడు: 'రెడ్డెప్పకు సెప్పల్ల.'

ఫోటో చూశాక సారు మాట్లాడారు. "లెటరు ఇప్పుడే ఇయ్యమంటా. నువ్వు రేపు పొద్దున నా ముందరికి రా," అన్నారు. పెట్టేసేముందు ఒక మాట కలిపారు. "ఏదేమైనా ముందు జాగ్రత్తగా ఆ డిస్కు లాగి పెట్టినావు సూడు, అది మాత్రం మంచి పని సేసినావు."

"నేను కాదు సార్," అన్నాను.

"మళ్లా మొదలుపెట్టినావా?" అని పెట్టేశారు.

తర్వాత బెంగళూరు నుంచి వచ్చిన సర్వీసు ఇంజనీరు ఆ సర్వరును ఊపాడు, గుద్దాడు, పిడిని పాతికసార్లు తెరిచి మూశాడు. మీట నొక్కకుండా అది ఒక్కసారీ తెరుచుకోలేదు. అయినా రిపోర్టులో 'వదులుగా ఉంది' అని రాసిపోయాడు. నాకు మెమో ఇచ్చారు. పాలసీలు ఇంకొకరు చూడకుండా నడపకూడదన్నారు. అది న్యాయమే. మదనపల్లె క్యాంటీన్లో మాత్రం ఇప్పటికీ, రెడ్డెప్ప తన కథ నిజం చేయడానికి ముందే పోయి డిస్కు లాగి వచ్చాడనే అనుకుంటున్నారు. మంచి కథే. నేనైనా అలాగే కట్టేవాణ్ని.

ఆ సాయంత్రం లెటరు తీసుకున్నాక దేవకి పోలేదు. అదే బల్ల మీద కూర్చుంది.

"ఆ కథ నాకూ సెప్పన్నా," అంది.

చెప్పాను. దగ్గు, తాళం, ఒక్కపొద్దు, వేలెడంత డిస్కు. నవ్వు కోసం పెట్టిన ప్రతి మాటా ఆమె ముందు నోట్లో రాయిలా అడ్డం పడింది. సంతకం పెట్టి పోయే చోటును గబగబా దాటేశాను. ఆమె మాత్రం చివరిదాకా విన్నది.

"ఇదంతా పొద్దున ఎన్నింటికి సెప్పినావన్నా?" అని అడిగింది.

ఫోను తీసి ఆమెకు ఆ మెయిలు చూపించాను. చదువుకుంది. రుమాలులోంచి తాళంచెవి తీసి నా చేతిలో పెట్టి, బస్సుకు టైమైందని లేచింది.

ఆ మెయిలు ఇప్పటికీ నా ఫోనులో ఉంది. పదకొండూ ఏడుకు ఆ మీట ఎవరు నొక్కారో నాకు తెలియదు. తెలిసినట్టు ఒక కథ కట్టడం నాకు చేతకాక కాదు. కుప్పం పోయినప్పుడల్లా దేవకి కౌంటరులోంచి తలెత్తి, "రా అన్నా," అంటుంది. నేను ముందు గదిలోకి పోయి, జతలో ఒక డిస్కు వేలెడంత బయటికి లాగి, అప్పుడు వచ్చి ఆమె ఇచ్చిన టీ తాగుతాను.